బుజ్జిని తుంగభద్రలో ఎందుకు వదల్లేదంటే

నా వెనకాల ఉండే తాబేలు ట్యాంక్ ఏమైందని చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు ఆ కథే.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు బుజ్జిని కొన్నా. అప్పుడు రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, అంతే. షాపాయన "పెరగదు సార్, ఇంతే ఉంటది" అన్నాడు. బీటెక్ చదివినోణ్ణి, ఒక్క నిమిషం గూగుల్ చేయలేదు! కంటి వెనకాల ఎర్ర చార ఉండే ఈ తాబేలు పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలో మిసిసిపీ నది వైపు జాతి. దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, 30 ఏళ్లు కూడా బతకొచ్చు.

జాబ్ మానేసి అలంపూర్ వచ్చేసరికి బుజ్జి అన్నం ప్లేటంత అయింది. షూటింగ్‌లని నెలలో సగం రోజులు నేను ఊర్లో ఉండను. నీళ్లు మార్చేది మా అవ్వ. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు.

ఒకరోజు అవ్వ అన్నది, "ఏం రా, పక్కనే తుంగభద్ర పెట్టుకొని దీన్ని డబ్బాల పెడ్తివి. ఏట్ల ఇడిసిపెట్టు, పుణ్యమొస్తది."

నిజం చెప్తున్నా, నాకూ కరెక్టే అనిపించింది. సాయంత్రం బకెట్‌లో పెట్టుకొని ఘాట్‌కి పోయాను. మెట్ల మీద వల సర్దుకుంటున్న ఒకాయన బకెట్‌లోకి తొంగి చూసి, "ఇది మన ఏటిది కాదు కద తమ్మీ. మనయి మెత్తగుంటయి, ముక్కు గొట్టం లెక్క ఉంటది" అన్నాడు.

బకెట్ పక్కన పెట్టి అక్కడే కూర్చొని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టా. ఆయన చెప్పిన గొట్టం ముక్కువాటిలో ఒకటి లీత్ సాఫ్ట్‌షెల్. మన కృష్ణా లాంటి దక్కన్ నదుల్లోదే. అంతరించిపోయే ప్రమాదం చాలా ఎక్కువున్న జాబితాలో ఉంది. మన బుజ్జి జాతేమో ప్రపంచంలో బాగా హాని చేసే 100 బయటి జాతుల లిస్టులో ఉంది. తిండికీ, ఎండ కాగే రాళ్లకీ లోకల్ తాబేళ్లతో పోటీ పడుతుంది, రోగాలు కూడా అంటించగలదు. గువాహటిలో ఉగ్రతార గుడి కోనేట్లో, కేరళలో త్రిస్సూర్ వైపు కాలువలో ఇవి దొరికాయి. నాలాగే ఎవరో "పాపం" అనుకొని వదిలినవే అయ్యుంటాయి. బకెట్ ఎత్తుకొని ఇంటికొచ్చేశా. అవ్వ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక ఇల్లు వెతకడం. "ఫ్రీగా ఇస్తా" అని స్టేటస్ పెడితే గంటలో పదిమంది! సగం మంది వాస్తు కోసం. ఒకాయనైతే గాజు గిన్నెలో పెడతానన్నాడు. అందుకే అందరినీ వీడియో కాల్‌లో ట్యాంక్ చూపించమన్నా. ఈదేంత నీళ్లున్నాయా, పైకెక్కి ఒళ్లారబెట్టుకునే రాయి ఉందా, ఎండ పడుతుందా, గోడెక్కి పారిపోకుండా ఉందా అని చూశా. ఇంట్లో చిన్నపిల్లలుంటే, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుగుతారా అనీ అడిగా. వీటి వల్ల సాల్మొనెల్లా వస్తుంది. అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల లోపు తాబేళ్లను పెంపకానికి అమ్మడమే బంద్.

చివరికి హైదరాబాద్‌లో నా పాత కొలీగ్ ఒకమ్మాయి తీసుకుంది. వాళ్ల మేడ మీద సిమెంట్ తొట్టి ఉంది, పైన జాలీ, ఆల్రెడీ రెండు స్లైడర్లు. ప్రయాణంలో నీళ్లు పెట్టకూడదు. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి గుడ్డ వేసి తీసుకెళ్లా.

ఒక్క మాట. మీ దగ్గరున్నది నక్షత్ర తాబేలో, చెరువులో దొరికిన లోకల్ తాబేలో అయితే ఈ కథ మీకు పనికిరాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఫ్రెండ్‌కి ఇవ్వడం కూడా కుదరదు. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేసి అప్పగించండి.

మొన్న అవ్వకి వీడియో కాల్‌లో బుజ్జిని చూపించా. రాయి మీద కాళ్లు బార్లా చాపి ఎండకి పడుకుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడినే విప్పి మా ఊరికి తెచ్చి కట్టారు కదవ్వా, దీన్ని హైదరాబాద్ పంపితే తప్పేంటి అన్నా.

"బాగనే బలిసినాది," అన్నది అవ్వ. "ఏం పెడుతున్నరంట?"