బొగ్గుకు మారిన గిరాకీ

ఖమ్మం ప్రాంతంలో ఒక కథ చెబుతారు. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. అది నిజమో కాదో గాని, 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు సంపాదించింది. 1889కల్లా బొగ్గు బాయి పని మొదలైంది. ఈ కంపెనీ ఆస్తులే 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ చేతికి వచ్చాయి. 1945లో నిజాం ప్రభుత్వం అందులో పెద్ద వాటా కొనేసింది.

అంత బొగ్గు ఎవరికి కావలసి వచ్చింది? ఊళ్లకు మాత్రం కాదు. ఊళ్లలో వెలిగేది ఆముదం దీపం, తర్వాత కిరోసిన్ బుడ్డి. కావలసింది రైలుకు. డోర్నకల్ నుంచి ఇల్లందుకు ప్రత్యేకంగా పట్టాలు వేశారు. వ్యాగన్లలో నిండేది బొగ్గే, వాటిని లాగే ఇంజన్ తినేదీ బొగ్గే.

ఆ లెక్కన ఆవిరి ఇంజన్లు పోయిన రోజున బొగ్గు కథ ముగియాలి. డీజిల్ ఇంజన్లు వచ్చాయి, కరెంటు ఇంజన్లు వచ్చాయి, 1990ల నడిమికల్లా బ్రాడ్‌గేజి మీద ఆవిరి కూత ఆగిపోయింది. కాని బొగ్గు తవ్వకం తగ్గకపోగా ఇంకా పెరిగింది. నేను చెప్పదలచుకున్నది ఇదే: మన దేశం ఒక ఇంధనాన్ని వదిలి ఇంకోదానికి మారినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి పాతదాని మీద కొత్తది పేర్చుకుంటూ వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం విద్యుత్ సామర్థ్యం 1,362 మెగావాట్లు. 1983లో తొలి యూనిట్ నడిచిన రామగుండం ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం ఒక్కటే, ఈమధ్య వచ్చిన కొత్త యూనిట్లు కలపకుండానే, ఇవాళ 2,600 మెగావాట్లు. అంటే నాటి దేశమంతటికీ దాదాపు రెట్టింపు. 1960లలో దేశ సామర్థ్యంలో సగానికి దగ్గరగా జలవిద్యుత్తే ఉండేది. కాని వాన మొహం చాటేసిన ఏడాది టర్బైన్లు ఆగేవి. ఊరూరా మోటారు బావులు లేచి గిరాకీ పెరుగుతూ పోయింది. అంతలో 1973 వచ్చింది. గల్ఫ్ దేశాల చమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. అదే ఏడాది మన ప్రభుత్వం తన చేతికి రాకుండా మిగిలిన ప్రైవేటు బొగ్గు గనులనూ జాతీయం చేసింది. సింగరేణి అప్పటికే ప్రభుత్వానిది. మరుసటి ఏడు బొంబాయి హైలో చమురు దొరికినా ఆకలి తీరలేదు. ఇప్పుడు మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా బయటి నుంచి కొనేదే. మిగిలిన భరోసా సొంత బొగ్గు. గని పక్కనే విద్యుత్ కేంద్రం కట్టాలన్న ఆలోచనకు రామగుండంలో గోదావరిఖని బాయిలు, పక్కనే గోదావరి నీళ్లు కలిసొచ్చాయి.

మన బొగ్గు ఏమంత మేలు రకం కాదు. ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు ఏడు వందల గ్రాములు కాల్చాలి. అందులో మూడో వంతు బూడిదగా మిగులుతుంది. ఎండాకాలం రాత్రి ఏసీకి పది యూనిట్లు పోయాయంటే ఎక్కడో ఏడు కిలోల బొగ్గు కాలింది, రెండు కిలోలకు పైగా బూడిద మిగిలింది. కరెంటు బిల్లులో ఈ వివరం ఉండదు. ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

బొగ్గు మీద మనం ఎంత ఆధారపడ్డామో 2011లో తెలిసింది. ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల దాటి పనికి పోలేదు. హైదరాబాదు నుంచి కోస్తా దాకా కోతలు పెట్టక తప్పలేదు.

ప్రత్యామ్నాయం వెతక్కపోలేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2009లో లోతు సముద్రం అడుగు నుంచి గ్యాస్ రావడం మొదలైంది. దాన్ని నమ్మి మన తీరంలో గ్యాస్ కేంద్రాలు కట్టారు. రెండు మూడేళ్లకే ఉత్పత్తి పడిపోయి చాలా కేంద్రాలు ఖాళీగా కూర్చున్నాయి. మళ్లీ బొగ్గే దిక్కయింది. 1970ల మొదట్లో దేశమంతా కలిపి తవ్వింది ఏడు కోట్ల టన్నుల పైచిలుకు. 2023-24లో సింగరేణి ఒక్కటే ఏడు కోట్ల టన్నులు తీసింది. ఆ మరుసటి ఏడాది దేశం మొత్తం వంద కోట్లు దాటింది.

సౌరశక్తి లేదా అని మీరడగవచ్చు. ఉంది, వేగంగానే పెరుగుతోంది. 2025లో దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కానివాటిదైంది. కాని సామర్థ్యం వేరు, చేతికొచ్చే కరెంటు వేరు. పుట్టే కరెంటులో నూటికి డెబ్బై పాళ్ల దాకా ఇప్పటికీ బొగ్గుదే. దీపాలు, ఏసీలు, టీవీలు అన్నీ ఒక్కసారి నడిచే వేళకు సూర్యుడు దిగిపోతాడు. పగటి కరెంటును దాచి రాత్రికి ఇచ్చే ఏర్పాటు పెద్దయెత్తున వచ్చేదాకా ఈ చిక్కు వీడదు.

రామగుండంలోనే చూడండి. 2022లో ఎన్టీపీసీ జలాశయం మీద నూరు మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు పరిచారు. అప్పటికి దేశంలో అదే పెద్దది. దాని ముచ్చట పత్రికలన్నీ రాశాయి. ఆ తర్వాత రెండేళ్లలోపే అదే రామగుండంలో ఎనిమిది వందల మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు కొత్తగా పని మొదలుపెట్టాయి.