గన్నవరము నుండి సూర్యలంకకు



విమానప్రయాణ మనునది నేడు మన పల్లెలలోని వృద్ధులకు అపురూపము గాదు. బిడ్డలు దూరప్రాంతములందు ఉద్యోగములు చేయుచు, టిక్కెట్టు కొంటిమి, బయలుదేరుడని టెలిఫోను చేయుదురు. ఆకాశమున నున్నంతసేపును మనము చేయవలసిన దేమియు లేదు. చూపిన చోట కూర్చుండి, నడుమునకు పట్టీ బిగించుకొని, దిగుమన్నప్పుడు దిగుటయే. కష్టమంతయు దిగిన తరువాతనే యున్నది. సముద్రమునకు పోదలచినవారి కీ సంగతి మరింత నిజము. విమానము దిగు చోటు ఒకటి, అలలు కొట్టు చోటు వేరొకటి. నడుమ నూరు కిలోమీటరుల నేల కలదు. మేమా నేలను దాటిన విధమును, దాటిన పిమ్మట మాకు కలిగిన యాపదను నేడు విన్నవించెదను.

మా వియ్యంకులు కరీంనగరము సీమలోని యొక మెట్ట గ్రామమున జీవితమంతయు సేద్యము చేసినవారు. డెబ్బది యారేండ్ల వయస్సు. మా యల్లుడు ఢిల్లీలో ఉద్యోగము చేయుచుండుటచే ఆయనయు, ఆయన యిల్లాలును రెండేండ్లుగా అక్కడనే యున్నారు. కడచిన కార్తికమున, పౌర్ణమినాడు సముద్రస్నానము చేయవలెనని వియ్యపురాలికి సంకల్పము కలిగినది. ఆమెయు సముద్రము నెరుగదు, ఆయనయు నెరుగడు. మా మనుమడు, పందొమ్మిదేండ్లవాడు, వారిని వెంటబెట్టుకొని గన్నవరమున దిగునట్లును, నేను గుడివాడ దాపుననున్న మా యూరినుండి పోయి వారిని కలిసికొనునట్లును నిశ్చయమైనది.

గన్నవరమునకు సమీపమైన సముద్రము బందరు వద్దనున్న మంగినపూడి. అచ్చటికే పోవుదమని నేనంటిని. కాని మంగినపూడి తీరమున ఇసుక నలుపు. సూర్యలంక యిసుక తెలుపు. మనుమడు తన ఫోనులో రెండింటి చిత్రములను చూచి సూర్యలంక యనెను. పిల్లవాని మాటయే నెగ్గినది. మన యిండ్లలో ఇప్పుడు దూరములను కొలుచువారు పెద్దలు, దారులను నిర్ణయించువారు పిల్లలు.

గన్నవరము విమానాశ్రమమన్నది క్రొత్తది కాదు. విమానాశ్రయము అనబోయి నోరు జారితిని, క్షమింపుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైన్యమునకు ఉపయోగపడిన మైదానమది. బెజవాడకు సుమారు ఇరువది కిలోమీటరుల దూరమున, మద్రాసు నుండి కలకత్తా పోవు పెద్ద రస్తా ప్రక్కనే యున్నది. మావారు మధ్యాహ్నము దిగిరి. అల్లుడు ఢిల్లీనుండియే బాడుగ కారు నొకదానిని కుదిర్చియుండెను. గంటసేపు ఎదురుచూచిన మీదట అది వచ్చినది. వచ్చినవాడు, రేపు పౌర్ణమి రద్దీ, తిరిగి ఖాళీగా రావలెను, కావున కుదిరిన బాడుగకు సగము అదనముగా ఇండు అనెను. అప్పుడొక చిక్కు వచ్చిపడినది. నేను పిల్లనిచ్చినవాడను గనుక నా సంచి నేను తీసితిని. వారు మగపెండ్లివారు, మా బిడ్డ కుదిర్చిన కారు గనుక మేమే యిత్తుమని ఆయన తన సంచి తీసిరి. ఇద్దరు వృద్ధులు ఎండలో నిలిచి నోట్లు పట్టుకొని పెనగులాడుచుండగా డ్రైవరు నవ్వుచుండెను. నాకు కోపము వచ్చి వానిని పంపివేసితిని. మనుమనికి మొగము ముడుచుకొన్నది. ఒక ఆటోలో బెజవాడ స్టేషనుకు చేరితిమి.

కారు పోవుటయే మేలైనదని నేనిప్పుడు చెప్పగలను. బెజవాడ నుండి బాపట్లకు రైలులో డెబ్బదినాలుగు కిలోమీటరులు. మద్రాసు వైపు పోవు పాసింజరులును, కొన్ని ఎక్స్‌ప్రెస్సులును అచ్చట ఆగును. మోకాళ్ళ నొప్పులున్నవారికి కారులో కాళ్ళు ముడుచుకొని మూడు గంటలు కూర్చుండుట కంటె, రైలులో లేచి నాలుగడుగులు వేయుట సుఖము. మరుగుదొడ్డి చింత యుండదు. ఈ మాట పెద్దల సభలో చెప్పుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఈ వయస్సున ప్రయాణమును నిర్ణయించునది అదియే.

రైలు కృష్ణ వంతెన నెక్కగనే బావగారు కిటికీకి జరిగిరి. కుడివైపున ప్రకాశము బారేజి కనబడినది. 1957లో అది పూర్తియైనదనియు, దానికి ముందు ఆ తావుననే 1855లో పూర్తియైన ఆనకట్ట యుండెడిదనియు చెప్పితిని. వంతెన దాటిన పిమ్మట రైలు దారి వెంబడియే కాలువ వచ్చును. అచ్చటి స్టేషను పేరు సహితము కృష్ణా కెనాలే. కాలువ నిండుగా, చప్పుడు లేకుండ, రైలుతో కూడ నడచుచుండెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ మీదట తమ యాసలో అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్లు చెప్పెదను: "గిన్ని నీళ్ళు ఎవలు తవ్విండ్రు బావా?"

ఆ ప్రశ్న వెనుక నున్నది నేనెరుగుదును. ఆయన యౌవనమున మోటతోలి బాయి నీరు తోడినవారు. బాయి యెండగా లోతు చేసిరి. మరల నెండగా బోరు వేసిరి. ఏడు బోర్లు వేసిరి. నాలుగింట దుమ్ము తప్ప రాలేదు. రెండెకరములు అమ్మి ఆ యప్పు తీర్చిరి. వారికి నీరనునది భూమి నడిగి, బ్రతిమాలి, త్రవ్వి తెచ్చుకొనునది. ఇచ్చట నది తానే పొలముల గట్టునకు వచ్చి నిలుచుచున్నది.

నేను వారికి చెప్పితిని. బావగారూ, ఈ సీమ మొదటినుండి ఇట్లుండలేదు. 1832–33 సంవత్సరములలో గుంటూరు సీమలో వచ్చిన కరువును మా పెద్దలు డొక్కల కరువనిరి. నది నిండుగా సముద్రమునకు పోవుచుండగనే దాని ప్రక్కన జనులు తిండిలేక వేలుగా చచ్చిరి. ఆ తరువాత ఇరువది యేండ్లకు గాని ఆనకట్ట రాలేదు. దుగ్గిరాల వద్ద ఈ కాలువ శాఖలుగా చీలును. అందు కొమ్మమూరు కాలువ యనునది పెదగంజాము వరకు పోయి బకింగుహాము కాలువతో కలియును; పూర్వము ఆ దారిని పడవలు మద్రాసుదాక నడచినవి. ఆయన విని, "కరువు వచ్చినంక తవ్విండ్రన్న మాట," అనిరి. ఇంకొకమాట యనలేదు. అది నిందయో, మెప్పో నాకు తెలియలేదు.

దుగ్గిరాలలో పసుపు బస్తాలను, తెనాలి దాటిన పిమ్మట పండిన వరిచేలను చూచుచు పోయితిమి. నిడుబ్రోలు స్టేషనులో, ఆచార్య రంగాగారి యూరిది, 1934లో రైతుల కొరకు విద్యాలయము పెట్టిన చోటు, అని చెప్పగా, రైతులకు బడియా యని వియ్యపురాలు ఆశ్చర్యపడినది. ప్రొద్దుక్రుంకువేళకు బాపట్ల చేరితిమి.

మనుమడు రాత్రికి రాత్రి సముద్రమునకు పోవుద మనెను. నేను వలదంటిని. బాపట్లలో నా పూర్వశిష్యు డొకడున్నాడు. వాని యింట దిగితిమి. భావనారాయణస్వామి దర్శనము చేసికొని, అన్నము తిని పరుంటిమి. ఊరి పేరు ఆ స్వామినుండియే వచ్చినదని పెద్దలందురు. 1913లో మొదటి ఆంధ్రమహాసభ జరిగినదియు ఈ యూరనే. ఆ రాత్రి ఎవరికిని సభల మీద దృష్టి లేదు.

తెల్లవారుజామున ఆటోలో బయలుదేరితిమి. బాపట్లకు సూర్యలంక తొమ్మిది కిలోమీటరులు. నల్లరేగడి పోయి ఇసుక నేల వచ్చును. వరి పోయి వేరుసెనగ, సరుగుడు తోపులు వచ్చును. ముందు చప్పుడు వినబడును. తరువాతనే నీరు కనబడును. బావగారు ఆటో దిగి, ఆ చప్పుడు ఏ మిల్లుదని యడిగిరి.

సూర్యోదయమైనది. వేలాది జనము, దీపములు, అరటి దొప్పలు. వియ్యపురాలు నా భార్య చేయిపట్టుకొని మూడు మునుగులు మునిగినది. (నా భార్య మా యూరినుండి తిన్నగా బస్సులలో బాపట్లకు వచ్చి మమ్ము కలిసికొన్నదని చెప్ప మరచితిని.) బావగారు మోకాలిలోతు నీట నిలిచి, దోసిట నీరు తీసి నాలుకకు తగిలించుకొని ఉమిసిరి. "గింత నీళ్ళుండి గుక్కెడు తాగరాకపాయె," అని నవ్విరి. ఆ నవ్వు నేనెన్నడు మరువను.

ఆ యానందములో మనుమనిని గమనింపలేదు. జనము తొక్కిసలాట నచ్చక వాడు ఉత్తరముగా నడచిపోయి, అలలు లేక నీరు నిమ్మళముగా నున్న చోటు చూచి దిగినాడు. ఇరువైపుల తెల్లని నురుగుతో అలలు విరుగుచుండగా నడుమ ఆ తావు చెరువువలె నున్నది. వాడు ఢిల్లీలో కొలనున ఈత నేర్చినవాడు. మేము తిరిగి చూచునప్పటికి వాని తల మాత్రమే కనబడుచున్నది. ఒడ్డువైపు ముఖము పెట్టి బలముకొలది చేతులు వేయుచున్నాడు. అయినను వెనుకకే పోవుచున్నాడు.

బావగారు కండువా విసరివేసి పరుగెత్తిరి. వారు లోతుబావులలో దూకి యీదినవారు. ఆ నమ్మకము వారికున్నది. నేను వెంటబడి నీటి యంచున నడుము పట్టుకొంటిని. "పిల్లగాడు పోతుండు, ఇడువు బావా!" అని నన్ను మోచేతితో పొడిచిరి. నేను విడువలేదు. ఇది వివేకమని చెప్పుకొనుటకు నాకు హక్కు లేదు. ఇద్దరు పోవుదురను భయమొక్కటే నా మనస్సున నున్నది. ఒకవేళ పిల్లవానికి ఏమైన జరిగియున్నచో ఆయన నాతో జన్మమున మాటలాడియుండరు. నా బిడ్డ కాపురమేమగునో యను ఆలోచనయు, సిగ్గువిడిచి చెప్పుచున్నాను, ఆ క్షణముననే కలిగినది.

అంతలో వలలు బాగుచేసికొనుచున్న యొక జాలరి లేచి, వలకు కట్టు పెద్ద బెండు నొకదానిని చంకనిడుకొని ఆ నిమ్మళపు నీటిలోనికే దుమికెను. నీరు వానినిగూడ వేగముగా లోనికి కొనిపోయినది. అందువలననే పిల్లవానిని త్వరగా చేరగలిగెను. బెండును వాని రొమ్ముక్రింద పెట్టి, ఒడ్డువైపు రాక, ప్రక్కకు, తీరము పొడవునకే ఈదించెను. అలలు విరుగు చోటికి చేరగనే ఆ యలలే వారిద్దరిని ఒడ్డున పడవైచినవి. మేము నిలిచిన చోటికి రెండువందల గజముల యెడముగా తేలిరి.

జాలరి డబ్బు తీసికొనలేదు. వాడు చెప్పిన మాటను నేను తరువాత పుస్తకములందును చదివి సరిచూచుకొంటిని. అలలు ఒడ్డునకు మోసికొనివచ్చిన నీరు మరల లోనికి పోవలెను గదా. అది తీరమంతట సమముగా పోదు. ఇసుకలో లోతైన సందు చూచుకొని ఏరువలె వెనుకకు పారును. ఆ సందున అల విరుగదు, నురుగు తక్కువ. కావున తెలియనివారికి అదియే సుఖమైన రేవుగా తోచును. ఆ పాఱుదల మనుష్యుని క్రిందికి లాగదు, లోనికి కొనిపోవును. దానికెదురీదినవాడు అలసి మునుగును. ప్రక్కకు ఈదినవాడు దాని వెడల్పు దాటగనే బయటపడును. ఈదలేనివాడు వెల్లకిల తేలియుండి చేయి పైకెత్తి కేకవేయవలెను. ఒడ్డుననున్నవారు తాము దూకక, తేలు వస్తువు నేదైనను, త్రాడైనను, ఖాళీ డబ్బావంటిదైనను విసరవలెను. బావిలో నీరు కదలదు; బావియీత యిచ్చట పనికిరాదు. ఆ మాట విని బావగారు తల వంచుకొనిరి.

తిరుగు రైలులో తెనాలి వరకు ఆయన నాతో పలుకలేదు. నా చేతిమీద వారి గోళ్ళు గీరిన గీతలు కనబడుచున్నవి. దుగ్గిరాల వద్ద మరల కాలువ రాగా, నా చేయి తీసి చూచి, "నొచ్చిందా?" యనిరి. లేదంటిని. మనుమడు తాత భుజము మీద తలయాన్చి నిద్రించుచుండెను. గన్నవరమున వారిని విమాన మెక్కించి నేను మా యూరు చేరితిని.

మొన్న ఆషాఢమున వారినుండి టెలిఫోను వచ్చినది. క్షేమసమాచారములైన తరువాత, సముద్రమును గూర్చి ఒక్కమాటయు అడుగలేదు. "బావా, ఆ కాల్వల నీళ్ళు ఇడిసిండ్రా?" అని యడిగిరి. విడిచిరని చెప్పితిని. ఎంత లోతున పారుచున్నవని మరల నడిగిరి. చూచి చెప్పెదనని ఫోను పెట్టి, గట్టు మీదికి బయలుదేరితిని.