ఇంటి అచ్చుయంత్రము - సిరా పొదుపు

ఇప్పుడు పల్లెలయందును కొన్ని ఇండ్లలో కంప్యూటరుతో పాటు చిన్న ప్రింటరు చేరినది. యంత్రము కొన్ననాడు చౌకగనే తోచును. కార్ట్రిడ్జి యను సిరాపెట్టెను మాటిమాటికి కొనునప్పుడే భారము తెలియును.

ఆ పెట్టెను పారవేయ నక్కరలేదు. పెక్కు పెట్టెలలో సిరాను పట్టియుంచు స్పంజి కలదు. తగిన సిరాను సిరంజితో మెల్లగా ఎక్కించినచో స్పంజి మరల పీల్చుకొనును. తొందరపడినచో పొంగి కారును.

అయితే కొన్ని మెలకువలు కలవు. కొన్ని రకములయందు సిరాను వేడిచేసి చిమ్ము సన్నని రంధ్రములు పెట్టెకే అమరియుండును. వానిని చల్లార్చునదియు సిరాయే. సిరా లేక పనిచేయించినచో అవి మాడిపోవును. కావున పెట్టె వట్టిపోక మునుపే నింపవలెను. నెలల తరబడి వాడకున్నను సిరా ఎండి రంధ్రములు పూడును. అప్పుడప్పుడొక పుట అచ్చువేయుట మంచిది.

కొన్న పెట్టెను మరల నింపుకొను స్వాతంత్ర్యము కలదా యను ప్రశ్న న్యాయస్థానముల దాక పోయినది. లేజరు ప్రింటరు పెట్టెల విషయమై లెక్సుమార్కు కంపెనీ తెచ్చిన వ్యాజ్యమున, ఒకమారు అమ్మిన పెట్టెపై పేటెంటు హక్కు నిలువదని అమెరికా సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. అయినను అడ్డు వేరొకటి కలదు. నింపిన పెట్టెను ఖాళీ యనియే చూపు చిప్పును కొన్ని పెట్టెలలో అమర్చుచున్నారు.

కావున యంత్రము కొనునాడే, "దీని పెట్టెను నింపవచ్చునా? సీసాతో సిరా పోయు తొట్టి కలదా?" అని అడుగుడు. యంత్రపు ధరకంటె పుట కగు ఖర్చు చూచి కొనుట గృహస్థునకు మేలు.