మంచు ఒకటే, చూపులు వేరు

(ప్రసంగ పాఠం)



ధనుర్మాసంలో గోదావరి మీద కమ్ముకునేదీ మంచే, తెల్లవారి గడ్డి మీద నిలిచేదీ మంచే, హిమాలయాల్లో గడ్డకట్టేదీ మంచే. అన్నీ నీరే. ఆ మంచు వల్ల సఖినేటిపల్లి రేవులో పంటు ఆగితే ప్రయాణికుడికి చిరాకు. మామిడి పూత పాడవుతుందని రైతుకు దిగులు. చీకటితో లేచి వాకిలి కడిగే కోడలికి వణుకు. ఎవరి చూపు వారిదే. అయితే ఎవరి చూపు లెక్కల్లోకి ఎక్కుతుందన్నది అసలు ప్రశ్న.

చలిదేశాల్లో కిటికీ అద్దాల మీద మంచు అల్లికలా పేరుకుంటుంది. ఆ దేశాల ఇళ్ళకు లేసు అల్లి పంపింది మాత్రం అలాంటి మంచు ఎన్నడూ చూడని మన నరసాపురం ప్రాంతపు స్త్రీలు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం వెలువరించారు. వ్యాపారుల దృష్టిలో ఇది తీరిక వేళ కాలక్షేపం. స్త్రీలకు మాత్రం ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల పని. గోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు గడప దాటకపోవడాన్ని గౌరవంగా భావించారు. పొలం కూలికి వెళ్ళే స్త్రీకి తమకంటే ఎక్కువ డబ్బు దక్కినా ఆమెను తక్కువగానే చూశారు. ఈ చూపు వల్ల లాభం ఎవరికి? తాము కార్మికులమని అనుకోనివారు కూలి పెంచమని అడగరు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కానీ అది సరుకుకు వచ్చిన గుర్తింపు. అల్లిన మనిషి మాట ఏమిటి? ముడిసరుకు ఎవరిచ్చినా, యజమాని కోసం ఇంట్లో ప్రతిఫలానికి సరుకు తయారుచేసేవారు కార్మికులేనని 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా వారిని గుర్తించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి వద్ద పనిపై ఒడంబడిక తెచ్చింది. భారత ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించలేదు.

సర్వేకి వచ్చినవారు "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "ఇంట్లోనే ఉంటానండీ" అనే జవాబు మారాలి. "లేసు అల్లుతానండీ" అనాలి. మన కార్యకర్తలు ప్రతి ఇంట్లో ఏజెంటు ఇచ్చిన దారం, పట్టిన గంటలు, చేతికొచ్చిన కూలి పక్కపక్కన రాయించాలి. తీరిక అన్న మాటలో నిజమెంతో ఆ కాగితమే చెబుతుంది.