లెక్క రాక కాదు, ప్రశ్న చదవలేక

 

హాస్టల్ వార్డెన్లు మైకు పట్టుకుంటే మెనూ గురించో, దుప్పట్ల గురించో చెబుతారనుకుంటారు. ఈరోజు అవి పక్కన పెట్టి, చదవడం గురించి మాట్లాడతాం.

సాయంత్రం స్టడీ అవర్‌లో నాలుగో తరగతి పిల్లలకు 48ని 6తో భాగించమని అంకెలు వేసిస్తే చాలామంది 8 అని చేసేస్తారు. అదే లెక్క "48 మామిడికాయలను 6 బుట్టల్లో సమానంగా సర్దితే ఒక్కో బుట్టలో ఎన్ని?" అని రాసిస్తే కొందరు రెండూ కూడేసి 54 అంటారు. ప్రశ్నను మేమే చదివి గోండిలో ఒకసారి చెబితే చాలు, 8 వచ్చేస్తుంది. ఆ బిడ్డకు భాగహారం వచ్చు. రానిది ప్రశ్న చదవడం. మార్కుల కార్డు మీద మాత్రం లెక్కల్లో వీక్ అని పడుతుంది. ఏళ్ల తరబడి ఆ మాట వింటే బిడ్డ కూడా నమ్మేస్తుంది.

ఎందుకిలా? ఒత్తు, గుణింతం కూడబలుక్కుంటూ చదివే బిడ్డ వాక్యం చివరికి చేరేలోపు మొదటి మాట మరిచిపోతుంది. ధ్యాసంతా అక్షరాలకే పోతుంది, అర్థానికి ఏమీ మిగలదు. "బాష్పీభవనం" అన్న మాట దగ్గరే పాఠం ఆగిపోతుంది. పొయ్యి మీద ఏర్ మరిగి ఆవిరవడం రోజూ చూసే పిల్ల ఆమె! ఒకటి, రెండు తరగతుల్లో చదవడమే పాఠం. మూడు నుంచి పరిసరాల విజ్ఞానం, ఆరు నుంచి సైన్సు, సోషల్ విడివిడిగా వస్తాయి. అవన్నీ చదివి తెలుసుకోవాల్సినవి. అక్కడ చదవడం ఎవరూ నేర్పరు, వచ్చేసిందనుకుంటారు.

మనస్తత్వ శాస్త్రవేత్త కీత్ స్టానోవిచ్ 1986లో ఒక వ్యాసంలో దీన్ని వివరించారు. తొందరగా చదవడం వచ్చినవారు ఎక్కువ చదువుతారు, మాటలు పెరుగుతాయి, ఇంకా బాగా చదువుతారు. రానివారు పుస్తకానికి దూరం జరుగుతారు. తేడా ఏటేటా పెరుగుతుంది.

మన పిల్లలకు ఇంకో మెట్టు ఎక్కువ. ఇంట్లో గోండి, బడిలో తెలుగు. ఇది మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1943లో హైమన్‌డార్ఫ్ ఉన్నప్పుడు మార్లవాయిలో మొదలైన చదువుకు గోండి వాచకాలే తయారుచేశారు, దేవనాగరి లిపిలో. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కొలామి, కోయ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన ప్రారంభించారు. అర్థం ఇంటి భాషలో అందితే అక్షరం త్వరగా నిలుస్తుందన్నదే రెండింటి ఆలోచనా.

చదవడం వస్తే అన్నీ వచ్చేస్తాయని మేము అనడం లేదు. ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే. జ్వరాలతో నెలలో పది రోజులు బడి పోతే ఏ పద్ధతీ పనిచేయదు. కానీ లెక్కలకు ట్యూషన్ పెట్టేముందు ఆ బిడ్డ చేత ఒక పేరా చదివించి చూడండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిగ్రీ చదువుతున్న మీతో ఒక పని ఉంది. దసరా సెలవులకు పిల్లలతో కథల పుస్తకాలు పంపుతున్నాం. రోజూ అరగంట పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. తప్పు చదివితే నవ్వకండి. చదివింది గోండిలో చెప్పమనండి. దీపావళి దాకా ఆగితే మాత్రం లాభం లేదు. దండారి మొదలయ్యాక వాళ్లూ కూర్చోరు, మీరూ కూర్చోరు.