మీరు అడగలేదు, నేను చెప్పలేదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో ఒక అనుభవం చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. తీర్థయాత్రల గురించి, ఆరోగ్య సూత్రాల గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఇక్కడ ఉన్నారు. నేను ఒక పాత బుల్లెట్ మోటారు సైకిలు కొని, తిప్పలు పడి, బాగుచేయించుకున్న సంగతి చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దానిని కూడా దాచకుండా చెబుతాను.

నేను ఖజానా శాఖలో 33 సంవత్సరాలు పనిచేసి 2018 జూన్ నెలలో పదవీ విరమణ చేశాను. ఒక్క వోచరు తక్కువైనా అభ్యంతరం రాసి బిల్లు వెనక్కి పంపినవాణ్ణి. నా అభ్యంతరాలు అందుకున్నవారు ఈ సభలోనే నలుగురైదుగురు కనబడుతున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను సైకిలు మీద ఆఫీసుకు వెళుతుంటే, ఒక ఇంజనీరుగారు బుల్లెట్ మీద వచ్చేవారు. వీధి చివర ఉండగానే ఆ చప్పుడు వినబడేది. జీవితంలో ఒక్కసారైనా ఆ బండి కొనాలనుకున్నాను. పిల్లల చదువులు, అమ్మాయి పెళ్ళి, ఇంటి అప్పు అన్నీ తీరేసరికి అరవై ఏళ్ళు వచ్చాయి. కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే పాత కోరిక మళ్ళీ లేచింది.

2018 నవంబరులో తెనాలిలో ఒక పెద్దమనిషి దగ్గర 1986 మోడల్ బండి ఉందని తెలిసింది. ఆయన కూడా మనలాగే రిటైరైనవారే. మాట మెత్తన, నుదుట బొట్టు. నేను వెళ్ళేసరికి బండి నల్లగా నిగనిగలాడుతూ వాకిట్లో ఉంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. రూ. 52,000 ఇచ్చి, ఆర్.సి. కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. పది రూపాయల బిల్లును పది నిమిషాలు చూసేవాణ్ణి, యాభై రెండు వేల బేరాన్ని పావుగంటలో ముగించాను.

మర్నాడు ఉదయం ఇరవై కిక్కులు కొట్టినా బండి కదలలేదు. ఒకసారి కిక్కు ఎదురుతన్ని మడమ వాచింది. నాలుగో రోజున ఎలాగో స్టార్టు చేసుకుని విజయవాడ బయలుదేరితే, దారిలో ఇంజన్‌లో నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు, వెనుక నీలం పొగ. ఆటోలో ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కు చేర్చాను.

అక్కడ ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ బండ్లే చేస్తున్నాడు. ఆయన ముందుగా ఇంజన్ ఆయిల్ దింపి, వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. “ఇది ఇంజన్‌కు పోసే ఆయిల్ కాదు సార్. చప్పుడు, పొగ నాలుగు రోజులు అణగడానికి చిక్కటిది పోశారు” అన్నాడు. ఆ నూనెలో ఇనుప రజను మెరుస్తోంది. ఇంజన్ విప్పితే బిగ్ ఎండ్ బేరింగ్ అరిగిపోయి ఉంది. బోరు అప్పటికే చివరి సైజు దాకా కొట్టించి ఉంది. ఇక కొట్టడానికి ఇనుము లేదు. ట్యాంకు మీద అయస్కాంతం పెడితే రెండుచోట్ల అంటుకోలేదు. రంగు గీకితే కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు. మరి ఆ రోజు ఒక్క కిక్కుకు ఎలా స్టార్టయిందని అడిగాను. “మీరు రాకముందే వేడిచేసి ఉంచుతారు సార్. సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూశారా?” అన్నాడు. నేను పెట్టలేదు.

ఇంతకంటే పెద్ద సంగతి కాగితాల్లో ఉంది. ఆర్.సి.లో ఉన్న పేరు నాకు అమ్మినాయనది కాదు. ఆయనకు అంతకుముందు అమ్మినాయనది. ఆ మనిషి చనిపోయి రెండేళ్ళయింది. ఖజానాలో సంతకాలు సరిచూసి బతికిన నేను ఆ పేరు చూడనే లేదు.

అమ్మినాయన దగ్గరకు వెళ్ళి అడిగాను. ఆయన కోపగించుకోలేదు, కాఫీ కూడా ఇచ్చారు. “మీరు అడగలేదు, నేను చెప్పలేదు. పాత బండి అంటే పాత బండే కదండీ” అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన అబద్ధం ఆడలేదు. నేను నిజం అడగలేదు.

బండి బాగుచేయించడానికే నిశ్చయించుకున్నాను. మెకానిక్ కొత్త స్లీవ్ దింపి పిస్టను, రింగులు వేశాడు. క్రాంకు విడదీసి, కొత్త బేరింగ్ వేసి, లేతు షాపులో వంకర లేకుండా సరిచేయించాడు. వాల్వులు, క్లచ్ ప్లేట్లు, వైరింగ్, టైర్లు అన్నీ మార్చవలసి వచ్చింది. ఒకటి విప్పితే ఇంకొకటి బయటపడేది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. పాయింట్ల మధ్య సందు కొలవడం, ప్లగ్గు రంగు చూసి మంట తీరు చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కిక్కు కొట్టే పద్ధతీ ఆయనే నేర్పాడు. ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా నెమ్మదిగా తొక్కాలి. అక్కడ డీకంప్రెషన్ లివరు పట్టి కొంచెం దాటించి, లివరు వదిలి, అప్పుడు నిండుగా ఒక్క కిక్కు కొట్టాలి. బలంతో పనిలేదు. ఇది తెలియక ముసలి మోకాళ్ళు పోగొట్టుకునేవారున్నారు.

ఇంట్లో మాత్రం నేను రిపేరు పన్నెండు వేలు అయిందని చెప్పాను. అసలు బిల్లులు పెన్షన్ కాగితాల సంచిలో దాచాను. 2019 ఫిబ్రవరిలో లైఫ్ సర్టిఫికెట్ పని మీద మా ఆవిడ ఆ సంచి తీసింది. బిల్లులన్నీ బయటపడ్డాయి. ఆమె కూర్చుని కూడితే రూ. 46,500 తేలింది. నేను భోజనం చేస్తుండగా ఆ కాగితం పళ్ళెం పక్కన పెట్టింది.

“నువ్వు అడగలేదు కదా, నేను చెప్పలేదు” అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి వచ్చాక గాని అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు. ఆమెకు మాత్రం వెంటనే గుర్తొచ్చింది. “తెనాలి ఆయన ఇదే అన్నాడని మీరు వారం రోజులు అన్నం సహించక తిరిగారు. ఆయన బండి లోపం దాచాడు, మీరు బిల్లు దాచారు. ఆయన పరాయివాడు, మీరు నావాళ్ళు. అంతే తేడా” అన్నది. గట్టిగా కూడా అనలేదు. అరుస్తే బాగుండేదనిపించింది. జీతం వచ్చిన ప్రతి నెలా ఒక్క పైసా తేడా లేకుండా లెక్క చెప్పుకుని కాపురం చేసినవాళ్ళం. పెన్షన్ వచ్చాక నాకు ఆ పాడుబుద్ధి పుట్టింది.

ఆ రాత్రే ఒక నోటుపుస్తకం తీసి, బండి కొన్న నాటి నుంచి ప్రతి ఖర్చూ, ప్రతి లోపమూ రాశాను. మొత్తం రూ. 98,500. ఇంకా సరికాని లోపం ఒకటి ఉంది. గేరుబాక్సు గుల్లకు పాత పగులు, వెల్డింగ్ చేసి ఉంది. అది కూడా రాశాను. ఆ పుస్తకం ఆర్.సి. పక్కనే ఉంటుంది. రేపు ఈ బండి ఎవరైనా కొంటే, వారు అడిగినా అడగకపోయినా ముందు ఆ పుస్తకమే చేతికిస్తాను.

పేరు మార్పిడికి చనిపోయినాయన కుమారుణ్ణి వెతుక్కుంటూ రేపల్లె వెళ్ళాను. ముందు 31వ నమూనా మీద వారసుల పేరుకు, తరువాత 29, 30 నమూనాల మీద నా పేరుకు బండి మారింది. తండ్రి ఎన్నడో అమ్మిన బండి ఇంకా తమ నెత్తిన ఉన్నదని ఆ అబ్బాయికి అప్పుడే తెలిసింది.

మిత్రులారా, ఈ మాట కొనేవారికంటే అమ్మేవారు ఎక్కువగా గుర్తుంచుకోవాలి. మనలో చాలామందిమి పాత స్కూటరు ఎవరికో ఇచ్చేసి ఊరుకుంటాం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం, ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేయాలి. రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మన గుమ్మం దాటినా బాధ్యత దాటదు.

మనవళ్ళకు పాత బండి కొనేటప్పుడు ఈ నాలుగు చూడండి. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. ట్యాంకు మీదా మడ్‌గార్డుల మీదా చిన్న అయస్కాంతం తిప్పండి. ఆర్.సి.లోని ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోల్చి, పేరు, గడువు, ఫైనాన్సు బాకీ చూడండి. డబ్బు ఇచ్చే ముందు మీ సొంత మెకానిక్‌కు చూపించండి. అన్నిటికంటే ముందుగా, “దీనిలో లోపాలేమిటి?” అని నోరు తెరిచి అడగండి.

2019 ఉగాది మర్నాడు మా ఆవిడను వెనుక కూర్చోబెట్టుకుని మంగళగిరి పానకాలస్వామి దర్శనానికి వెళ్ళాను. దారిలో ఒక్కసారి కూడా బండి ఆగలేదు. తిరిగి వచ్చాక, పెట్రోలు ఎంతయిందని ఆమె అడగకముందే చెప్పాను. నవ్వి, పుస్తకంలో రాయమన్నది.