కోతిపిల్ల నవ్వు

మా యింటి గోడపై ఒక ఛాయాచిత్రము చాల కాలము వ్రేలాడుచుండెను. తల్లి యొడిలోని కోతిపిల్ల చిగుళ్ళు కనబడునట్లు నవ్వుచున్నట్లుండును. తల్లి ఒక చేతితో దాని తోకను పట్టుకొని యుండును. ఇంటికి వచ్చినవారెల్లరు ఆ చిత్రమును మెచ్చుకొనుచుండిరి. ఒక మిత్రుడు దానికి "మాతృప్రేమ" యని పేరు కూడ పెట్టెను. తీసినవారము మేమే గనుక మాకును కొంత గర్వముండెడిది. ఆ చిత్రమును ఇపుడు గోడనుండి తీసివైచితిమి. ఏల తీసితిమో చెప్పుటయే నేటి మా ప్రసంగము.

జంతుప్రదర్శనశాలలో చిత్రములు తీయువారికి మొదటి శత్రువు ఇనుప వల. దానిని జయించుటకు ఒక ఉపాయము కలదు. కెమేరా కటకపు ద్వారమును పూర్తిగా తెరచి, కటకమును వలకు వీలైనంత చేరువగా ఉంచి, దూరముననున్న జంతువుపై దృష్టిని కుదిర్చినచో నడుమనున్న తీగ పొగవలె చెదరి కనబడకుండ పోవును. తీగపై ఎండ పడకుండ చూచుకొనవలెను. పడినచో చిత్రమంతటను తెల్లని పొర క్రమ్మును. ఈ విద్యను మేము మిక్కిలి శ్రమపడి నేర్చుకొంటిమి. అప్పటికి కెమేరా క్రొత్తది. కోతికి కొబ్బరికాయ చిక్కినట్లే యుండెను మా వరుస. చిత్రములో బోను లేకున్న జంతువు అడవిలో నున్నట్లే తోచును. చూచువారికి అదియే ఆనందము, మాకును అదియే.

ఆ దినమున తల్లికోతి మాకు వీపు త్రిప్పి కూర్చుండెను. అరగంట వేచితిమి. అటుపై ఓర్పు నశించి చప్పట్లు కొట్టితిమి, తాళపుచెవుల గుత్తిని ఆడించితిమి. తల్లి దిగ్గున తిరిగెను. పిల్ల పెదవులు వెనుకకు లాగి పండ్లు చూపెను. చిత్రము చిక్కెను! మా సంతోషమును చూచి అచటి కాపరి మెల్లగా ఇట్లనెను: "కోతి పళ్ళికిలిస్తే నవ్వు కాదు బాబూ, భయం. తోక పట్టుకున్నది ముద్దుకు కాదు, పిల్ల మీ వైపు రాకుండా లాగుతున్నది. మీరు చప్పుడు చేసినారు గదా."

మేము నమ్మలేదు. మా సందడికి విసిగి అన్నాడనుకొంటిమి. తరువాత గ్రంథములు చదువగా కాపరి మాటయే నిజమని తేలెను. ఈ జాతి కోతులలో నోరు మెదపక పండ్లు చూపుట భయమునకు, తనకంటె బలవంతునికి లొంగుటకు గుర్తు. జంతుప్రదర్శనశాలలోని ప్రాణులను చప్పుడుతో బెదరించుటను, వానికి తిండి విసరుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నదని కూడ అప్పుడే తెలిసినది. ఆ నిషేధము 1991 లో జరిగిన సవరణతో చేరినది.

స్విట్జర్లాండు దేశమున బెర్న్, బాసెల్, జ్యూరిక్ నగరముల జంతుప్రదర్శనశాలలను నడపిన హైని హెడిగర్ పండితుడు ఒక సంగతిని విశదీకరించెను. ప్రతి అడవి జంతువునకును ఒక దూరము కలదు; అపరిచితుడు దానిని దాటి వచ్చినచో జంతువు పారిపోవును. తిరుమల కాలినడక దారిలో మేమును దీనిని చూచితిమి. కెమేరా ఎత్తగానే పిల్లను పొట్టకు కరపించుకొని తల్లి కొమ్మకెక్కును. ఆ దారిలో తీసిన చిత్రములు పది యున్నచో తొమ్మిదింటిలో వీపులే. వానిని చెడిపోయిన చిత్రములని పెట్టెలో పడవేసియుంటిమి. బోనులో ఆ దూరమును మనము తీసికొనినాము. కనుకనే అచట ముఖములు చక్కగా చిక్కును.

వల తీసివేసిన మాత్రమున సరిపోవునా? జర్మనీలో హాగెన్‌బెక్ 1907 లో అగడ్తలతో జంతుప్రదర్శనశాలను తెరచి చూపెను. లండనులో 1925 లో కోతులకై ఒక కృత్రిమ పర్వతమును కట్టిరి. దానిపై సుమారు 100 హమద్ర్యాస్ బబూనులను విడిచిరి. దాదాపు అన్నియు మగవే. 1927 లో మరి 30 ఆడవానిని చేర్చిరి. వానికై మగవి ఘోరముగా పోరాడెను. ఆడవి పెక్కు ఆ పోరులలోనే మడిసెను, పిల్లలును దక్కలేదు. సాలీ జుకర్‌మన్ దీనిని పరిశీలించి 1932 లో గ్రంథము వ్రాసెను. కోతుల సంఘమనగా ఇట్టిదే కాబోలునని లోకము తలచెను. 1960 ల నాడు హాన్స్ కుమ్మర్ ఇథియోపియాలో అవే కోతులను వాని తావులో గమనింపగా వేరొక క్రమము కనబడెను. ఒక్కొక్క మగకోతికి తన చిన్న కుటుంబము; ఒకదాని కుటుంబము జోలికి మరియొకటి సాధారణముగా పోదు. లండనులో జనులు చూచినది చెర చేసిన పని. కోతుల స్వభావమని వారు పొరబడిరి. మా గోడపై చిత్రమును మెచ్చినవారిదియు ఆ పొరబాటే.

అట్లని జంతుప్రదర్శనశాలలన్నిటిని మూసివేయుడని మేము అనజాలము. సింహపుచ్ఛమువంటి తోక గల నల్లకోతి పశ్చిమ కనుమలలో తప్ప లోకమున మరెచ్చటను లేదు. తేయాకు, కాఫీ తోటలు ఆ యడవిని ముక్కలు చేసినవి. మద్రాసు చెంతనున్న వండలూరు వంటి చోట్ల వానిని పెంచి వంశము నిలుపుటకు పూనుకొనిరి. పుట్టిన పిల్లకు తల్లికున్న నెరసిన జూలుండదు, నెలలు గడచిన కొలది వచ్చును. దానికి ఏ కాయ తినదగినదో, ఏ నీడ గ్రద్దదో నేర్పు అడవి అచట లేకున్నను, ఆ చెరకు ఒక కారణము కలదు. మన ఊరి కోతికి ఆ కారణమును లేదు. దానిని చూచుటకు టిక్కెట్టు కొననక్కరలేదు. వంటయింటి కిటికీ తెరచియుంచిన చాలును!

గడచిన వేసవిలో ఆ చోటికే మరల పోయితిమి. వల తీసి అగడ్త త్రవ్వియున్నారు. చెట్లు నాటి, వెదురు తడిక ఒకటి కట్టియున్నారు. తల్లికోతి దాని చాటున చేరినది. "ఏమీ కనబడలేదు, డబ్బు దండుగ" యని జనులు సణుగుకొనుచు సాగిపోవుచుండిరి. మేము ముప్పావుగంట నిలిచితిమి. తడిక సందున ఒక తోకయు, ఒక చిన్న చేయియు కనబడెను. కెమేరా సంచిలోనే యుండెను. ప్రక్కనున్న బాలుడొకడు చప్పట్లు కొట్టబోవగా వాని తాతగారు మెల్లగా వాని చేయి పట్టుకొనిరి.